మూడో పొరలోకి దిగే ముందు

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు నన్ను ఈ బొగ్గుగనికి మేనేజరుగా నియమించారు. మూడో పొర సొరంగంలో పైకప్పు రాయి చప్పుడు చేయడం మొదలై అప్పటికి రెండో వారం. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుని ఈ కాగితం చదవమని నా వారసులను కోరుతున్నాను.

నాకు యాభై రెండేళ్ళు. నా బుద్ధి నిలకడగా ఉంది. ఒంట్లో ఏ జబ్బూ లేదు. గనిలో పనికి నేను తగుదునని శుక్రవారం సాయంత్రం కంపెనీ డాక్టరే రాసిచ్చాడు. అంతకుముందు ఏ ఆడమనిషికీ ఆయన ఆ ముక్క రాసివ్వలేదు. ఈ వీలునామా రాయమని నన్నెవరూ ఒత్తిడి చేయలేదు. ఉద్యోగం తీసుకోమని మాత్రం చేశారు. ఇది నా మొదటి వీలునామా. రాసుకోవలసినంత ఉద్యోగం ఇంతవరకూ నాకివ్వలేదు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత మా ఆడపడుచుది. ఆమె నర్సుగా పనిచేసి రిటైరయింది. డాక్టర్లు ఏం చెప్పినా కాగితం చూపించమని అడగడం ఆమెకు అలవాటు. మా ఆయన పేరు పెట్టనందుకు ఆయన నొచ్చుకుంటారు. ఎవరైనా మర్యాదగా కుర్చీ వేసి, టీ ఇచ్చి అడిగితే ఆయన ఎక్కడైనా సంతకం పెట్టేస్తారు. ఆ కుర్చీ వేసేవాళ్ళు నాకు బాగా తెలుసు.

2. ఇంట్లో నా వాటా మా ఆయన ఉన్నంతకాలం ఆయనది, తర్వాత మా అమ్మాయిది. డాబా మీద ఆయన మొక్కల కుండీలను ఎవరూ కదపకూడదు. మేడ బరువు మోయదని నేను చాలాసార్లు దెబ్బలాడాను. మోస్తుంది. ఊరికే అన్నాను.

3. ఇది ఆస్తి కాదు, అయినా ఇక్కడే రాస్తున్నాను. మేనేజరు కావాలంటే కింద ఒక విభాగాన్ని సొంత బాధ్యత మీద నడిపిన అనుభవం ఉండాలి. ఆడవాళ్ళకు ఆ బాధ్యత ఇవ్వరు, ఎందుకంటే గని దగ్గర వాళ్ళకు బట్టలు మార్చుకునే గది లేదు. ఆ గదికి పునాది తీశారు; ఇప్పుడక్కడ పాత పైపులున్నాయి. గాలి ప్రవాహం లెక్కలు చూసే అధికారిగా నేను కిందికి వెళ్ళిన ప్రతిసారీ నన్ను సందర్శకుల పట్టీలో రాసేవారు.

రెండుసార్లు ఇంటర్వ్యూకి పిలిచారు. రెండోసారి జనరల్ మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఆయన ఒప్పుకున్నారా అమ్మా?" నా తర్వాత లోపలికి వెళ్ళినవాణ్ణి వాళ్ళావిడ ఒప్పుకుందా అని అడగలేదు. ఉద్యోగం అతనికే వచ్చింది. గాలి లెక్కలు అతనికి నేర్పింది నేనే. చివరిదాకా "అక్కయ్యా, ఇదొక్కటి చూసిపెట్టవా" అంటూ నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. గత వారం నుంచి నడుంనొప్పి అని సెలవులో ఉన్నాడు. పైకప్పు బాగున్నన్నాళ్ళూ అతని నడుమూ బాగానే ఉంది. హోదాలో అతని తర్వాతివాడు బదిలీ అడిగి తీసుకున్నాడు.

అప్పుడు నా విషయంలో అనుభవం షరతు సడలించారు. "చూశారుగా, మన దగ్గర ఆడవాళ్ళకు అడ్డేమీ లేదు. ఇన్నాళ్ళూ మీరే తొందరపడ్డారు" అన్నాడు జనరల్ మేనేజరు. ఫోటో తీసేవాణ్ణి ముందే పిలిపించి ఉంచాడు.

4. తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావని మా ఆయన రెండు రోజులుగా అడుగుతున్నారు. జవాబు ఇది. మూడో పొరలోంచి మనుషులను ఖాళీ చేయించే అధికారం మేనేజరుకు ఉంది. నేను కాదంటే ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది, పని మాత్రం ఆగదు.

ఆఫీసులో కూర్చునే మూసేయవచ్చుగదా అన్నారు. ఈ గనిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మేనేజరు మొదటి రోజు ముందుగా ఒక్కడే నడుస్తాడు, చివర ఇనప పొన్ను తొడిగిన కర్రతో పైకప్పు తట్టి వింటూ. గట్టి రాయి ఖంగుమంటుంది. విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. అతను వెనక్కి తిరిగి దీపం ఎత్తేదాకా వెనకవాళ్ళు అడుగు వేయరు. అలా నడవకుండా నేను మూసేస్తే, హెడ్డాఫీసు "భయపడింది" అని ఒక్క మాట రాసి మర్నాడే తెరిపిస్తుంది. మగవాడు మూస్తే దాన్ని జాగ్రత్త అంటారు. నడిచి వచ్చి మూస్తే ఆ మాట రాయలేరు.

5. నా తట్టే కర్ర సర్వే విభాగంలో పనిచేసే అమ్మాయికి. అందరూ ఆమెను పిచ్చుక అంటారు. ఆమెకు ఆ పేరంటే ఒళ్ళుమంట. సోమవారం నా మొదటి నడకకు కర్ర నాతోనే వస్తుంది. తిరిగి దొరికితే ఆమెది.

నాతో దిగుతానని ఆమె పట్టుబట్టింది. వీల్లేదని రాతపూర్వకంగా ఇచ్చాను. "మేడం, చివరికి మీరూ అదే మాటన్నారు" అంది. నిజమే. మేనేజరుగా నా మొదటి ఉత్తర్వు ఒక ఆడమనిషిని కిందికి రావద్దనడం. తిట్టుకోనివ్వండి. తిట్టుకోవడానికి ఆమె పైన ఉండాలి.

6. నా బూట్లు కంపెనీ స్టోరుకు తిప్పి ఇవ్వాలి. మగవాళ్ళ కొలతవి, ముందు భాగంలో గుడ్డ కుక్కి వేసుకున్నాను. గుడ్డ తీయకుండానే ఇవ్వండి.

7. మా అమ్మాయికి నా చేతిగడియారం, నా ఉన్ని శాలువా. శాలువా మీద కాఫీ మరక తనదే, చిన్నప్పటిది, నేనే ఉతకనివ్వలేదు. తను పనిచేసే చోట ఎప్పుడైనా పిలిచి మరీ పెద్ద పదవి ఇస్తే, అంతకుముందు అందులో ఉన్నవాడు ఎందుకు వెళ్ళాడో కనుక్కుని ఆ తర్వాత సంతోషపడాలి. వద్దనమని కాదు. తెలిసి తీసుకోవాలని.

8. నేను పైకి రాకపోతే కంపెనీ మనుషులు మా ఇంటికి వస్తారు. "మేనేజరు అజాగ్రత్త" అని గానీ, "అనుభవలేమి" అని గానీ ఉన్న ఏ కాగితం మీదా నా కుటుంబం సంతకం చేయకూడదు. ఆ సంతకం లేకపోతే పరిహారం ఆలస్యమవుతుంది, కానివ్వండి. ఆ సంతకం ఒక్కసారి పడితే ఈ గనిలో ఇంకో ఆడమనిషికి మేనేజరు ఉద్యోగం రాదు. శుక్రవారం తీసిన ఫోటోను ఎక్కడా వేయడానికి వీల్లేదు. పైకప్పుకు నేను ఆడదాన్నని తెలియదు. అది ఎవరు నడిచినా రాలే స్థితిలో ఉంటే రాలుతుంది.

9. నేను పైకి వస్తే మూడో పొర ఆ రోజే మూతపడుతుంది. ఈ కాగితం బీరువాలోకి వెళుతుంది.

ఇదంతా స్వయంగా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను. సాక్షులిద్దరికీ ఈ ఆస్తిలో ఏ భాగమూ లేదు.

ఆదివారం, పద్నాలుగో తేదీ, సాయంత్రం.

(సంతకం)
గని మేనేజరు

సాక్షులు:
1. (సంతకం) గని దీపాల గది గుమస్తా
2. (సంతకం) ఎదురింటి టైలరు

మా ఆడపడుచుకు గమనిక: దీన్ని రిజిస్టరు చేయడానికి రేపు, సోమవారం, ఉదయం పదిన్నరకు రిజిస్ట్రారు ఆఫీసులో సమయం ఇచ్చారు. గనిలోకి లిఫ్టు ఏడింటికి దిగుతుంది.