ఒక్క పొరే పోశావు

తమ్ముడికి,

క్షేమ సమాచారాలు తర్వాత. గేటు నుంచి గుమ్మం దాకా కారు దారికి నువ్వు కంకర పోసి రోలర్ తిప్పిన రోజు, లోపల మంచం మీదున్న మీ బావ ఆ చప్పుడు విని, "మూడు పొరలు వెయ్యాల్సింది ఒక్కసారే పోసేశాడు. కింద గుల్లగా ఉంది" అన్నారు. ముప్పై ఏళ్లు రోలర్ నడిపి, నీకూ ఆ పని నేర్పిన మనిషి మాట కొట్టిపారేసి, నిన్ను వెనకేసుకొచ్చాను. నిన్న ఆయన చక్రాల కుర్చీ అక్కడే దిగబడి, ఒరిగిపోయి, ఆయన కిందపడ్డారు. మోచెయ్యి చీరుకుపోయినా "వాణ్ణేమీ అనకు" అంటున్నారు. నేను అంటాను. సిగ్గుంటే ఆదివారం వచ్చి అంతా తవ్వు. పొరపొరకీ నీళ్లు చల్లి రోలర్ తిప్పు. ఆయన గుమ్మంలో కూర్చుని వింటారు. ఆయన చెయ్యెత్తేదాకా రెండో పొర వెయ్యకు.

అక్క