క్వారీ అడుగున డ్రైవర్ సీటు

నాటింగ్‌హామ్,
అక్టోబరు.

అక్కయ్యకు నాగేశ్వరి నమస్కారాలు.

ఇక్కడ నేను, బెల్‌ఫాస్ట్‌లో అమ్మాయి మధులిక క్షేమంగానే ఉన్నాం. చీరాలలో నువ్వు, బావగారు, నీ దగ్గర కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లలు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం పోయిన వారం అందింది. ఈ ఊళ్లో తలుపు సందులోంచి కవరు పడిందంటే కౌన్సిల్ బిల్లో, పిజ్జా షాపు ప్రకటన కాగితమో అయ్యుంటుంది. నీ దస్తూరీ చూడగానే ముందు టీ పెట్టుకుని, తర్వాతే కవరు చించాను.

మోకాలు ఎలా ఉందని అడిగావు. బాగానే కుదిరింది. ఫిబ్రవరిలో కుడి మోకాలి కీలు తీసేసి లోహంది పెట్టారని రాశాను కదా. ఇప్పుడు మెట్లెక్కుతున్నాను, హాస్పిటల్ ఫార్మసీలో వంతుల ప్రకారం డ్యూటీకి వెళ్తున్నాను. కింద కూర్చోవడం మాత్రం ఇక ఈ జన్మకు లేదు. మొన్న ఆయన రెండో సంవత్సరీకానికి పీట మీద కూర్చోలేక కుర్చీ వేసుకున్నాను. పంతులుగారు పర్వాలేదన్నారు. ఆయన ఫోటో కింద, నేను పైన. నాకే సిగ్గేసి తల వంచుకున్నాను.

"ఇంత ఆపరేషన్ అయ్యాక నిన్ను నీళ్లలో దిగమన్న డాక్టరెవడే, వాడికి బుద్ధుందా?" అని రాశావు. ఆ తిట్టు చదివి చాలా రోజులకు నవ్వాను. ఎవరూ దిగమనలేదక్కా, నేనే అడిగాను. కనీసం ఆరు నెలలు ఆగమన్నాడు సర్జన్. గాయం పూర్తిగా మాని, కాలికి బలం వచ్చాక వెళ్లొచ్చన్నాడు. వీపున గాలి సిలిండర్ బరువుతో నిచ్చెన ఎక్కొద్దన్నాడు. డైవింగ్ సంగతులు తెలిసిన ఇంకో డాక్టరు కూడా చూసి సరే అన్నాకే మా క్లబ్బువాళ్లు నన్ను స్విమ్మింగ్ పూల్‌లోకి రానిచ్చారు. సిలిండర్ నీళ్లలోనే తగిలించారు. కప్పలా కాళ్లు విరిచి తన్నకుండా మెల్లగా ఆడించమన్నారు. కాసేపటికి నా మోకాలు నాకు గుర్తే లేదు. నేల మీద కుంటిదాన్నే, నీళ్లలో మాత్రం పాత నాగేశ్వరిని.

వీడియో కాల్ ఎందుకు ఎత్తడం లేదని కూడా అడిగావు. అది చివర్లో చెబుతాను. ముందు ఇంకొకటి చెప్పాలి.

నడవడానికి ఆపరేషన్ చేయించుకున్నానని నీకూ, మధులికకూ, డాక్టర్లకూ చెప్పాను. నిజానికి నడక కోసం కాదు. ఒక్కసారి ఆ బస్సు దగ్గరికి వెళ్లడం కోసం.

ఆ బస్సు సంగతి నీకు ఎప్పుడూ రాయలేదనుకుంటా. ఇక్కడికి గంట దూరంలో ఒక పాత రాతి క్వారీ ఉంది. రాయి కొట్టడం మానేశాక నీళ్లు నిండి పెద్ద మడుగయింది. మాలాంటివాళ్లు చూసుకోవడానికని అడుగున ఒక పాత మినీబస్సును ముంచి పెట్టారు. యాభై దాటాక ఈ డైవింగ్ పిచ్చి నాకు అంటించింది మీ మరిదే కదా. ఎప్పుడు దిగినా ఆ బస్సులో దూరి డ్రైవర్ సీట్లో కూర్చునేవారు. స్టీరింగ్ తిప్పుతూ, గేదెలు అడ్డొచ్చినట్టు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అదిలించేవారు. నేను పక్కన తేలుతూ లేని టికెట్టు చింపి ఇచ్చేదాన్ని. తెల్లవాళ్లు చేపల్ని చూసి మురిసిపోయేవారు. మేము మాత్రం చీరాల నుంచి ఒంగోలుకు బస్సు నడుపుకునేవాళ్లం.

నీళ్లలో మాటలుండవు, అన్నీ సైగలే. నాకవి ఒక్కరోజులో పట్టుబడ్డాయి. నేర్పినాయన ఆశ్చర్యపోతే మీ మరిది గోవిందరాజులుగారు గొప్పగా చెప్పారు: "వాళ్లక్కకి చిన్నప్పుడే జ్వరంలో వినికిడి పోయిందండీ. ఈవిడ నోటికంటే ముందు చేతులతో మాట్లాడటం నేర్చుకుంది." అక్కడ ఎవరూ ఒంటరిగా దిగరు. ఇద్దరిద్దరు జత. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపిస్తే 'బాగున్నావా' అని అడగడం. అదే సున్నా తిరిగి చూపిస్తే 'బాగున్నా' అని జవాబు. అడిగితే జవాబు చెప్పి తీరాలి, అది నియమం. నాకు ఎప్పుడూ ఆయనే జత.

క్వారీకి వెళ్తున్నానని చెప్పగానే మధులిక ఫోన్లో ఏడ్చింది. "అమ్మా, ప్లీజ్. నాన్న ఈజ్ నాట్ డౌన్ దేర్" అంది. నాకు తెలుసన్నాను. మోకాలు ఎంతవరకు పనిచేస్తుందో చూసుకోవడానికేనని ఇంకోసారి అబద్ధమాడాను.

పోయిన నెలాఖరు ఆదివారం దిగాను. నాకు జతగా హెలెన్ వచ్చింది. రిటైరైన స్కూలు టీచరు, చాలా మంచి మనిషి. ఇక్కడి అలవాటు ప్రకారం ఎవరినైనా ముద్దుగా 'డక్', అంటే బాతు, అని పిలుస్తుంది. ఒడ్డున ఒకరి బెల్టులూ గొట్టాలూ ఒకరం చూసుకోవాలి. ఆయనైతే చూస్తూ చూస్తూ నా చెంప గిల్లేవారు. హెలెన్ అన్నీ శ్రద్ధగా చూసి భుజం తట్టింది. అప్పుడే వెనక్కి వచ్చేయాలనిపించింది, రాలేదు.

బస్సు అలాగే ఉంది. సీటు మీద నాచు ఇంకాస్త పేరుకుంది. నేను దూరి ఆ సీట్లో కూర్చున్నాను. కొత్త మోకాలు ఎక్కడా పట్టలేదు, నొప్పి లేదు. స్టీరింగ్ పట్టుకున్నాను. చల్లగా, చీకటిగా, ఎంత నిశ్శబ్దమో. ఈ రెండేళ్లలో నాకు అంత హాయిగా ఎప్పుడూ లేదు. ఇల్లు గుర్తు రాలేదు. మధులిక కూడా గుర్తు రాలేదక్కా. ఇక పైకి వెళ్లక్కర్లేదు, సిలిండర్‌లో గాలి అయిపోతే అయిపోనీ అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

హెలెన్ కిటికీ దగ్గరికి వచ్చి సున్నా చూపించింది. నేనూ సున్నా చూపించాను. కాసేపాగి మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. ఇక పైకి వెళ్దామని బొటనవేలు పైకెత్తింది. తల అడ్డంగా ఊపాను. అప్పుడామె మొహం నా మొహానికి దగ్గరగా తెచ్చి, కళ్లలోకి చూస్తూ మూడోసారి అడిగింది.

బాగాలేనని చెప్పడానికి అరచెయ్యి చాపి అటూ ఇటూ ఊపాలని నేర్పారు. అది నాకు గుర్తు రాలేదు. గుండె మీద పిడికిలి పెట్టి, రెండుసార్లు కొట్టి, చెయ్యి కిందికి వదిలేశాను. బడిలో ఎవరైనా ఏడిపించిన రోజున నువ్వు ఇంటికొచ్చి నాకు చూపించేదానివే, ఆ సైగ. అమ్మకు కూడా తెలియని సైగ. అది ఆ మడుగు అడుగున తెల్లమనిషికి చూపించాను. ఎదురుగా ఉన్నది నువ్వనుకున్నానో ఏమో.

హెలెన్ కిటికీలోంచి లోపలికి వంగింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని బయటికి లాగి, మెల్లగా, ఎక్కడా వదలకుండా పైకి తీసుకొచ్చింది. మాస్క్ తీసేటప్పటికి లోపలంతా నా కన్నీళ్లే. "ఆ సైగ నాకు రాదు డక్, కానీ అర్థమైంది" అంది. ఒడ్డున తడిబట్టలతోనే కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఆయన పోయినరోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ కాఫీలు ఇచ్చాను.

కంగారుపడకు. మర్నాడే మా పేట డాక్టరు, జీపీ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మందు ఇచ్చారు, వారానికోసారి ఒకావిడతో కూర్చుని మాట్లాడే ఏర్పాటు చేశారు. మధులికకూ చెప్పాను. సెలవు పెట్టి శనివారం వస్తోంది. హెలెన్ రోజూ సాయంత్రం ఏదో సాకుతో తలుపు తడుతోంది. మళ్లీ నీళ్లలోకి ఎప్పుడు దిగుతానో తెలియదు. దిగినా ఆ బస్సు వైపు వెళ్లను. ఆయన అక్కడ లేరు. కూతురు చెప్పిన ఆ మాట నేను కళ్లతో చూస్తే కానీ నమ్మలేదు.

ఉత్తరం మొదట్లో క్షేమంగానే ఉన్నాం అని రాశాను చూడు, ఈ రెండేళ్లూ నేను అందరికీ చూపించిన సున్నా అదే. ఫోన్లో అడిగినవాళ్లకు గొంతు సవరించుకుని 'బాగున్నా' అంటే నమ్మేసేవారు. నీ దగ్గర ఆ గొంతు పనిచేయదు. నువ్వు నా మొహమూ చేతులూ చూస్తావు, పట్టేసుకుంటావు. అందుకే నీ వీడియో కాల్ ఎత్తలేదక్కా. ఉత్తరమైతే దాక్కోవచ్చనుకున్నాను. ఇదిగో, ఇందులోనూ దాక్కోలేకపోయాను.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం, మీ మధ్యాహ్నం భోజనాలయ్యాక, వీడియో కాల్ చెయ్యి. ఎత్తుతాను. ఫోన్‌ని చక్కెర డబ్బాకు ఆనించి పెట్టుకుంటాను. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా.

ఇట్లు,
నీ చేతులు చూసి మాటలు నేర్చిన చెల్లెలు,
నాగేశ్వరి