మూత తియ్యకూడని మూడు రోజులు

లాంకాస్టర్, ఒహాయో
ఏప్రిల్ 4

నాన్నకి,

ముందు ‘ప్రియమైన’ అని రాసి కొట్టేశాను. కాగితం మార్చే ఓపిక లేక అలాగే పంపిస్తున్నాను, ఆ కొట్టివేత కూడా చూసుకో.

నువ్వు పంపిన గుడ్లు నిన్న చేరాయి. పోస్టాఫీసు కౌంటర్లో ఆవిడ పెట్టెని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకొచ్చి, “నాలుగు పక్కలా ‘కుదపకండి’ అని రాశారమ్మా. ఎవరో గానీ మీరంటే ప్రాణం లాగుంది” అంది. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి విప్పితే పద్దెనిమిది గుడ్లు, ఒక్కోదాని చుట్టూ పాత దుప్పటి పీలికలు, చుట్టూ చెక్క పొట్టు. రెండు పగిలాయి. ఉత్తరం మాత్రం లేదు. పెట్టె తిరగేసి దులిపాను, చీటీ ముక్క కూడా రాలలేదు. నవంబర్లో కర్టిస్‌ని పాతిపెట్టాక నీ దగ్గర్నుంచి వచ్చిన మొదటి కబురు ఇదే. కొడుకు పోయిన ఐదు నెలలకి కూతురికి కోడిగుడ్లు!

అట్టు వేసుకుందామని పెనం కూడా పెట్టాను, ఒట్టు. గుడ్డు చేతిలోకి తీసుకుంటే ఆ ముదురు గోధుమ రంగు, దాని మీద చుక్కలు, మన పెట్టలవేనని తెలిసిపోయింది. చెయ్యి ఆడలేదు. ప్రయాణం చేసొచ్చిన గుడ్లని ఒక రోజు కదలకుండా, సన్నటి కొస కిందికి పెట్టి ఉంచాలని నువ్వే నేర్పావుగా, అలాగే ఉంచాను. ఎదురింటి వెల్మా అటక మీద ఇంక్యుబేటర్ ఉందంటే వెళ్ళి అడిగాను. “ఏమే డార్లా, నలభై నాలుగేళ్ళకి పొదుగుడు మీద కూర్చుంటున్నావా? జ్వరం గానీ వచ్చిందా?” అని ఒకటే వేళాకోళం. ఇచ్చింది మాత్రం తుడిచి శుభ్రంగా ఇచ్చింది. ఇవాళ పొద్దున పదహారూ పెట్టాను. ఒక పక్క సున్నా, ఇంకో పక్క ఇంటూ గుర్తు పెన్సిల్‌తో వేశాను. రోజుకి మూడు సార్లు తిప్పుతాను. వేడి తొంభై తొమ్మిదిన్నర ఫారెన్‌హీట్ దగ్గర నిలబడింది.

ఇదంతా నీ మీద ప్రేమతో చేస్తున్నానని అనుకోకు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు కౌంటీ సంతలో చూపించడానికి నా చేత మొదటిసారి గుడ్లు పొదిగించావు, గుర్తుందా? ఇరవై ఒకటో రోజు ఒక పిల్ల గుడ్డుకి చిల్లి పెట్టుకుని, ముక్కు బయట పెట్టి, ఇక రాలేకపోయింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అరుస్తూనే ఉంది. మూత మీద చెయ్యి వేస్తే నా మణికట్టు పట్టుకున్నావు. “ముట్టుకోకు. రాగలిగిందే కోడి. మనం లాగితే వచ్చేది కోడి కాదు, మన నెత్తిన బరువు.” మర్నాటికి దాని అరుపు ఆగింది. నువ్వు దాన్ని బకెట్లో పడేసి, చేతులు కడుక్కుని ఫలహారానికి కూర్చున్నావు. మిగిలిన పిల్లలకి సంతలో మొదటి బహుమతి, నీలం రిబ్బను వచ్చింది. ‘రాగలిగిందే కోడి’ అన్న నీ మాట ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ నీ పేరు చెప్పి చెప్పుకుంటారు.

కర్టిస్ విషయంలోనూ నీది అదే మాట. పైకప్పు మీంచి పడి నడుం విరిగినప్పుడు, నొప్పి మాత్రలు అలవాటై వాటితో ఆగక ఇంకా కిందికి జారినప్పుడు, “వాడంతట వాడే రావాలి” అన్నావు. చివరికి ఎవరి గడపా దొరక్క, కిరాణా కొట్టు వెనక తన ట్రక్కులో, మత్తు ఎక్కువై ఒంటరిగా పోయాడు. వాణ్ణి పాతిపెట్టిన రోజు చర్చి హాల్లో భోజనాల దగ్గర అందరి ముందూ నిన్ను అడిగాను, “నువ్వు తలుపు తీసుంటే వీడు బతికేవాడు కదా?” అని. నువ్వు బంగాళాదుంపల సలాడ్ ప్లేట్లోంచి తలెత్తలేదు. కాదని కూడా అనలేదు. కాదంటావేమోనని నేను నిలబడే ఉన్నాను నాన్నా.

అందుకే ఇవి పొదిగిస్తున్నాను. ఏ ఒక్కటి ఇరుక్కున్నా నేను మూత తీస్తాను. దాన్ని బతికించి, పెంచి, నీ మాట అబద్ధమని నీకు రాసి పంపుతాను.

డార్లా


ఏప్రిల్ 11

నాన్నకి,

ఇవాళ గుడ్లు దీపానికి పెట్టి చూశాను. వెల్మా టార్చి పట్టుకుంది. మూడు వట్టివి, తీసేశాను. పదమూడింటిలో నెత్తురు నరాలు సాలీడు కాళ్ళలా కనిపించాయి. ఒకదాంట్లో గుండె కొట్టుకోవడం చూసి వెల్మా “అమ్మయ్యో!” అని టార్చి వదిలేయబోయింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆవిడకి వయసు మీదపడింది. ఉన్నట్టుండి, “పోయిన అక్టోబర్లో వానలో మీ గుమ్మం ముందు ఒకబ్బాయి నిలబడ్డాడు, మీ తమ్ముడే కదూ?” అంది. ఎవర్ని చూసి ఎవరనుకుందో. గ్యాస్ మీటరు చూడటానికి వచ్చిన మనిషయ్యుంటాడని చెప్పాను.

నువ్వు జవాబు రాయలేదు. రాస్తావనీ అనుకోలేదు. మొన్నట్నుంచి ఎవరో ఫోన్ చేసి నేను హలో అనగానే పెట్టేస్తున్నారు. వాళ్ళూ నీలాగే ఉన్నారు, మాట్లాడరు.

డార్లా


ఏప్రిల్ 27

నాన్నా,

ఈ ఉత్తరం మొన్న రాయాల్సింది, రాయలేకపోయాను. కూర్చుని చదువు, నిలబడి చదవకు.

పద్దెనిమిదో రోజు గుడ్లు తిప్పడం ఆపి, నీళ్ళు నిండుగా పోసి, మూత వేసేశాను. ఇక మూడు రోజులు తియ్యకూడదు. తీస్తే లోపలి తేమ పోయి, చిల్లి పెట్టుకున్న గుడ్లలో పొర ఎండిపోయి పిల్లకి అతుక్కుపోతుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నానికి ఐదు పిల్లలు వాటంతట అవే వచ్చేశాయి. ఇంకో మూడు గుడ్లు చిల్లి పెట్టుకున్నాయి. అవి కాక, మూత అద్దం పక్కనే ఇంకొకటి పొద్దుటినుంచి ముక్కు బయట పెట్టి అరుస్తోంది, అచ్చం నా తొమ్మిదేళ్ళప్పటి దానిలాగే.

నేను మూత తీశాను. ఆ గుడ్డుని వంటింటి బల్ల మీదికి తెచ్చి, గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ తడిపి, పెంకు ముక్కముక్కా వలిచాను. అరగంట పట్టింది. పిల్ల బయటపడింది. తడితడిగా, వికారంగా, నా అరచేతిలో గుండె టకటకా కొట్టుకుంటూ. నాన్నా, నేను గెలిచాను అని పైకే అన్నాను. వెల్మా కిటికీలోంచి వింది కూడా.

తర్వాత చూస్తే ఇంక్యుబేటర్ మూత పక్కనే ఉంది. వెయ్యడం మర్చిపోయాను. ఆ అరగంటా అది నోరు తెరుచుకునే ఉంది.

చిల్లి పెట్టుకున్న మూడూ రాలేదు. మర్నాడు విప్పి చూస్తే పొర కాగితంలా వాటి ఒంటికి అంటుకుపోయింది. మూడూ నిండు పిల్లలే, రెక్కల మీద చారలతో సహా. మిగతా నాలుగు గుడ్లలో అసలు కదలిక లేదు, వాటి సంగతి వేరు. ఆ మూడింటినీ చంపింది నేనే. నువ్వు చెప్పింది నిజమైనందుకు నీ మీద కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

బకెట్ తెచ్చుకుని వాటిని అందులో వేశాను. చేతులు కడుక్కుని సింకు దగ్గర నేల మీద కూర్చున్నాను. అక్కడ కూర్చునే అనుకున్నాను, ఇక నీకు చెప్పెయ్యాలని.

అక్టోబర్లో వానలో వచ్చింది గ్యాస్ మీటరు మనిషి కాదు. కర్టిసే. దోమతెర తలుపుకి అటు వాడు, ఇటు నేను.

“అక్కా, మత్తు ముట్టుకుని నలభై రోజులైంది. డేటన్‌లో పని దొరికింది, వచ్చే నెల మొదట్లో చేరాలి. అంతవరకు ఉండనీ.”

“పోయినసారీ ఇదే చెప్పావు. నా పచ్చిక కోసే మిషన్ ఏమైంది?”

“అమ్ముకున్నా. తప్పే. ఇంట్లోకి కూడా వద్దులే, గరాజ్‌లో పడుంటా. కుక్కనైనా ఉండనిస్తావుగా?”

అప్పుడు నేనన్న మాట రాస్తున్నాను చూడు. “రాగలిగిందే కోడి, కర్టిస్. నాన్న మాట మర్చిపోయావా?”

వాడు నవ్వాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే అరచేత్తో తుడుచుకుని, “ఆ మాట ఆయన నోటే వింటే బాగుంటుంది అక్కా. నీకు నప్పలేదు” అన్నాడు. “సరే, ఆయన దగ్గరికే పోయి వింటా.” మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను కొక్కెం వేసుకుని లోపలికొచ్చి బట్టలు మడత పెట్టుకున్నాను.

సరిగ్గా మూడు వారాలకి వాడు పోయాడు. నువ్వు గుమ్మంలోంచే పంపేసి ఉంటావని నాకు నేనే అనేసుకున్నాను. అలా అనుకుంటేనే నాకు కూడు దిగింది. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నాకు బాగా తెలుసు. తెలిసే, అందరి ముందూ నిన్ను నిలబెట్టి కడిగేశాను, నా వైపు ఎవరూ చూడకూడదని.

ఒక్కటే అడుగుతాను. నువ్వు వాణ్ణి ఏమని పంపేశావు? నేనన్న మాటే అన్నావా? అదే అయితే మనిద్దరికీ చెరి సగం. ఆ సగమైనా నాకు దించిపెట్టు నాన్నా.

నేను లాగిన పిల్ల బతికే ఉంది, కానీ నిలబడలేదు. పెట్టెలో న్యూస్‌పేపర్ పరిచి, వెచ్చదనానికి ఎర్ర దీపం పెట్టాను. మిగతా ఐదూ పరుగులు పెడుతున్నాయి. ఇది మాత్రం కాళ్ళు రెండూ చెరో పక్కకి జారిపోయి బోర్లా పడి ఉంటోంది. నీళ్ళు నేనే ముక్కు ముంచి తాగిస్తున్నాను.

నీ
డార్లా


మే 1

డార్లాకి,

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. అందుకే గుడ్లు పంపాను. అవి మీ తమ్ముడు ఏరి వేరే దొడ్లో పెట్టిన పెట్టల గుడ్లు. చీటీ రాద్దామని కూర్చున్నాను, ‘పోయే ముందు వాడు ఇక్కడే ఉన్నాడు’ అని రాసి చింపేశాను.

నువ్వు పంపేసిన రోజే వాడు ఇక్కడికొచ్చాడు. నేను ఏ మాటా అనలేదు. తలుపు తీశాను. ఒళ్ళంతా తడిసిపోయి ఉన్నాడు, మాటెందుకు? పందొమ్మిది రోజులు మీ అమ్మ గదిలో పడుకున్నాడు. పొద్దున్నే నాకంటే ముందు లేచి కోళ్ళకి నీళ్ళు పెట్టేవాడు. కాఫీ పాడు చేసేవాడు. నీ గుమ్మం సంగతి వచ్చిన రోజే చెప్పాడు. “అక్కనేమీ అనకు నాన్నా, దాని మిషన్ అమ్ముకున్నవాణ్ణి” అన్నాడు. నాకు తెలుసు, మొదట్నుంచీ.

ఇరవయ్యో రోజు నా మోకాలి ఆపరేషన్ మాత్రల సీసా కనిపించలేదు. అడిగాను. తియ్యలేదన్నాడు. మళ్ళీ అడిగాను. “నీ జేబులు చూపించు” అన్నాను. ముప్పై తొమ్మిదేళ్ళ వాడు, నా ముందు జేబులు బయటికి లాగి చూపించాడు. ఏమీ లేవు. అయినా వెళ్ళిపొమ్మన్నాను. వాడు నాతో వాదించలేదు. నవ్వనూ లేదు.

ఆ మధ్యాహ్నం కోళ్ళకి దాణా వెయ్యడానికి వెళ్తే డబ్బా మూత మీద సీసా ఉంది. నేనే పెట్టి మర్చిపోయాను. ట్రక్కేసుకుని వెతికాను. డేటన్ దాకా వెళ్ళాను. వాడి ఫోన్ మోగలేదు. మర్నాడు షెరిఫ్ ఆఫీసు వాళ్ళు నాకు ఫోన్ చేశారు.

చర్చి హాల్లో నువ్వు అడిగినప్పుడు అందుకే తలెత్తలేదు. నేను తలుపు తియ్యలేదని నువ్వన్నది తప్పే, కానీ తప్పు మనిషిని అనలేదు. కాదంటే మిగతాదీ చెప్పాలి. నాకు ధైర్యం చాల్లేదు. నువ్వూ నన్నేమీ అడగలేదు డార్లా, నాకే చెప్పేశావు. ఈ ఉత్తరంలోనే మొదటిసారి అడిగావు.

సగం దించమన్నావు. నా దగ్గర దించుకునే చోటు లేదమ్మా. నీది నువ్వు మొయ్యి, నాది నేను మోస్తాను. క్షమించమని నన్ను అడగకు. నేనూ అడగను. అది ఇవ్వగలిగిన వాడు లేడు.

ఫోన్ చేసి పెట్టేసింది నేనే.

ఆ పిల్ల సంగతి. న్యూస్‌పేపర్ వెంటనే తీసెయ్. నున్నగా ఉంటే కాళ్ళు జారి అలాగే బిగుసుకుపోతాయి. పాత తువ్వాలు పరుచు. దెబ్బకి అంటించే పట్టీని సన్నగా చీల్చి, రెండు కాళ్ళకీ కలిపి కట్టు, మధ్యలో వేలెడు సందు ఉండాలి. రోజూ విప్పి మళ్ళీ కట్టాలి. నీళ్ళ గిన్నెలో గాజు గోళీలు వెయ్యి, తల మునక్కుండా ఉంటుంది. ఇదంతా ఎలా తెలుసంటావేమో. సంతలు మానేశాక నేనూ కొన్నింటిని లాగాను, ఎవరికీ చెప్పలేదు. కొన్ని బతికాయి.

మొదటి మూడు నాలుగు రోజుల్లో కట్టాలి. తర్వాత ఎముక గట్టిపడితే లాభం ఉండదు. నీ ఉత్తరం నిన్న చేరింది. ఇది నీకు చేరేసరికి దానికి వారం దాటుతుంది.

అయినా కట్టు.

నాన్న