మంట మీద నీళ్ళు

దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 2011.

బాపూ,

బిడ్డ విజయశ్రీ దండాలు. నేనూ తమ్ముడు మధూ ఇక్కడ బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, అమ్మ మందులు మానకుండా వేసుకుంటున్నదనీ అనుకుంటాను. ముత్తమ్మ చిన్నమ్మ చేత రాయించిన ఉత్తరం అందింది. సకల జనుల సమ్మెలో బస్సులు తిరగడం లేదు గానీ, మా పోస్టుమ్యాన్ మాత్రం సైకిలు మీద వస్తూనే ఉన్నాడు.

అడిగినవన్నీ చెబుతాను. బియ్యం ఉన్నాయి. చైతన్యపురిలో నేను వంట చేసే హాస్టల్ పిల్లలు సగం మంది ఊళ్ళకు పోయారు, పని తక్కువే. ఇంటామె కిరాయి కోసం సతాయించడం లేదు.

ఇక మన ఆర్కెస్ట్రా సంగతి. "ఆంధ్రోళ్ళతోని మనకేం పని? తమ్ముణ్ణి బయటికి రమ్మను, తాత డప్పు ఊరికి పంపు" అని రాయించావు. ఆ ఆంధ్రోళ్ళు ఎంతమందో తెలుసా? ఒక్క మనిషి. వయొలిన్ వాయించే నాగేశ్వరమ్మ. రెండో మనిషి మూసారాంబాగ్ యూసుఫ్ భాయ్, పెళ్ళి బ్యాండులో క్లారినెట్. మూడోది మన డప్పు. ఆమెది గుళ్ళో కచేరి, ఆయనది బరాత్, మనది బోనాలూ చావులూ. మొదటిసారి కలిసి వాయిస్తే సంత గోల. నాగేశ్వరమ్మ తీగలు ఇంట్లోనే బిగించుకొని వచ్చింది. ఇక్కడ మంటకు డప్పు కాగి తోలు బిగిసేసరికి దాని గొంతు పైకి లేచింది. "అదేంటమ్మా, ఇందాకటి శ్రుతి ఏమైపోయింది?" అని బిత్తరపోయింది. అప్పటి నుంచి మంట పక్కనే చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటుంది. క్లారినెట్ శ్రుతికి డప్పు దగ్గరయ్యాకే తన తీగలు ముట్టుకుంటుంది. ఆమె ఇంట్లో వాయిద్దామంటే వాళ్ళ అపార్ట్‌మెంటువాళ్ళు చావు డప్పు లోపలికి తేవద్దన్నారు. ఆమె వయొలిన్ పట్టుకొని మాతోపాటు రోడ్డు మీదికే వచ్చేసింది. అట్లాంటి మనిషిని వదలమంటే నేను వదలను.

ఉత్తరం చదువుతున్న ముత్తమ్మ చిన్నమ్మా, ఇక్కడి నుంచి గొంతు తగ్గించకు. అరుగు మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేటట్లు చదువు.

తమ్ముడు ఆర్కెస్ట్రా మానేశాడు బాపూ. ఆంధ్రామెతో కూర్చుంటే ద్రోహి అంటారని భయపడ్డాడు. డప్పు ఇప్పుడు నా భుజాన ఉంది. నువ్వు తలుపులు వేసి ముచ్చటకు నేర్పిన దరువులే ఎల్బీనగర్ చౌరస్తాలో, తెలంగాణ దీక్షా శిబిరం ముందు, వందల మందిలో కొట్టాను. ఆడపిల్లనే, కొట్టాను.

బతుకమ్మ రోజులని శిబిరంవాళ్ళే పిలిచారు. నేను స్టేజి పక్కన మంట రాజేశాను. ఇంకా డప్పు మంటకు చూపనే లేదు, శిబిరం నడిపే శేఖర్ వచ్చాడు.

"జర ఆగు అక్కా. గా ఆంధ్రామె స్టేజి దిగాలె. మీరిద్దరు కొట్టుండ్రి."

"ఆమె దిగితే నేను డప్పు కాగవెట్ట."

"నేనే వెళ్ళిపోతాలేమ్మా, నా మూలంగా గొడవెందుకు" అని నాగేశ్వరమ్మ వయొలిన్ పెట్టె మూస్తున్నది. నాకు ఒళ్ళు మండింది. తాగే నీళ్ళ బిందె ఎత్తి మంట మీద గుమ్మరించాను. కాగని డప్పు మీద ఒక దెబ్బ వేసి శేఖర్‌కు వినిపించాను. తడి గోనెసంచి మీద కొట్టినట్లు ఉంది.

"ఇన్నవా? గిట్లనే కొడ్త, నడుస్తదా? తెలంగాణ నాక్కూడ కావాలె. నీకంటె ఎక్కువ కావాలె. గని గీమెను దించి తెచ్చే తెలంగాణల నా డప్పు మోగది."

సమ్మెలో ఉన్న స్వీపర్ అండాలమ్మ ముందు వరుసలోంచి లేచింది. "ఏందిరా శేఖరూ, మేం పాట ఇననీకె ఒచ్చినం, నీ పంచాయితి ఇననీకె కాదు" అని టీ కొట్టు నుంచి అట్టముక్కలు తెచ్చి, తనే మళ్ళీ మంట పెట్టింది. కొందరు లేచి వెళ్ళిపోయారు. పోనీ. శేఖర్ మొహం పక్కకు తిప్పుకొని "ఒక్క పాటే" అన్నాడు. బతుకమ్మ దరువు నేను ఎత్తుకుంటే క్లారినెట్ అందుకుంది, వయొలిన్ దాని వెనకే వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు బిగించి ఆడారు. ఆ తర్వాత ఎవరూ ఆపమనలేదు.

చివర్న మైకులో ఎవరి బిడ్డవని అడిగారు. డప్పు మట్టయ్య బిడ్డనని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నీ పేరుకు చప్పట్లు పడడం నేనెప్పుడూ వినలేదు బాపూ. చావు ఇళ్ళ ముందు నిన్ను "ఏయ్ డప్పూ" అని పిలవడమే విన్నాను. అక్కడే నిలబడి ఏడ్చాను.

డప్పు పంపను. కోపమొస్తే వచ్చి అడుగు. బస్సులు లేకుంటే లారీ ఎక్కు. ఆదివారం కొత్తపేటలో వాయిస్తున్నాం. నువ్వు వస్తే డప్పు కాచే పని నీది, కొట్టే పని నాది.

ఇట్లు,
నీ మాట వినని నీ బిడ్డ
విజయశ్రీ