దవడ విరిగిన వైస్

ప్రియమైన మా ఇంటి వెల్డరు గారికి,

ఫోనులో అయితే రెండో నిమిషానికే పోట్లాట మొదలవుతుందని మనం ఉత్తరాలకి ఒప్పుకున్నాం కనుక, ఈ సంగతి కూడా ఉత్తరంలోనే చెబుతున్నాను. తిట్టదలుచుకుంటే తీరిగ్గా తిట్టు. నా బల్ల మీద చెక్కని బిగించి పట్టే వైస్ దవడ విరిగింది. కుర్చీ కాలు అందులో బిగిస్తూ, తిప్పే కడ్డీకి ఇనపగొట్టం తొడిగి ఇంకాస్త బలం పెట్టాను. టప్పుమంది. ముక్క వచ్చి నా చెప్పు మీద పడింది. కాలు బాగానే ఉంది, నువ్వు అడగకముందే చెబుతున్నాను.

వీధి చివరి వెల్డింగు షాపాయన మామూలు రాడ్డుతో గబగబా అతికించి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి పెట్టానో లేదో, అతుకు పక్కనే మళ్ళీ పగిలింది. అమ్మ ఊరుకుంటుందా? "కోడలుంటే నీకీ గతి పట్టేదా?" అంది. అంత పెద్ద వైస్ ఇప్పుడెవరూ పోత పొయ్యడం లేదట. అది లేకపోతే నాకు ఒక చెయ్యి లేనట్టే. ఏం చెయ్యమంటావు?

నెలాఖరుకి అక్కడ ఓడరేవులో నీ ఒప్పందం అయిపోతుంది కదా. అమ్మ అప్పుడే నీ పరుపు ఎండలో వేసింది.

నీ,
చెక్కల మనిషి

*

ప్రియమైన చెక్కల మనిషికి,

కడ్డీకి గొట్టం తొడగొద్దని మన పెళ్ళైన కొత్తలోనే చెప్పాను. సరే, తిట్టడం అయిపోయింది.

మీ వైస్‌ది పోత ఇనుము. సాగదు, వంగదు. ఒకచోట మండిపోతూ పక్కన చల్లగా ఉంటే పగిలి ఊరుకుంటుంది. అందుకే ఆ అతుకు నిలవలేదు. దీన్ని ఇత్తడితో అతకాలి. అప్పుడు ఇనుము కరగక్కర్లేదు, ఇత్తడి కరిగితే చాలు. ఫ్రేములు అతికే సైకిలు షాపు పెద్దాయన దగ్గర గ్యాసు మంట ఉంటుంది. ఆయనకి చూపు ఆనడం లేదన్నారుగా, పక్కన కూర్చోబెట్టుకుని మీరే చెయ్యండి. పాత అతుకు రుద్ది తీసేయండి. నూనె జిడ్డంతా పోయేదాకా కాల్చి, అంచులు ఏటవాలుగా అరగదీయండి. దవడ మొత్తాన్ని అన్నివైపులా సమంగా వేడి చేసి, ఇత్తడి బాగా పట్టుకోవడానికి వెలిగారం పొడి చల్లి, ఇత్తడి కడ్డీ ఆనించండి. అయిపోగానే పొడి బూడిదలో పాతి, తెల్లారేదాకా దాని జోలికి పోకండి. మీ సంగతి నాకు తెలుసు కాబట్టి మళ్ళీ చెబుతున్నా: దాని జోలికి పోకండి.

ఇంకో మాట. పాత ఓడల యంత్రాల్లో పగిలిన పోత భాగాలు బాగుచేసే షెడ్డు మొత్తం నన్నే చూసుకోమంటున్నారు, పర్మనెంటుగా. ఇల్లు కూడా ఇస్తారట. జవాబు ఇంకా ఇవ్వలేదు. నాకు ఇష్టమే, దాచడం ఎందుకు. కానీ మీరు రమ్మంటే వచ్చేస్తాను. రమ్మంటారా?

మీ,
ఇనపముక్క

*

ప్రియమైన ఇనపముక్కకి,

ఇత్తడి గోళీల్లా దొర్లుతూనే ఉన్నా, ఎలాగో అద్దేసి బూడిదలో పాతాను. నువ్వన్నంతా అయింది. ఆత్రం పట్టలేక, భోజనం చేసి లేస్తూనే బూడిద తవ్వి చూశాను. నా కళ్ళముందే టింగుమని చీలింది. అమ్మ ఇప్పటిదాకా నవ్వుతూనే ఉంది.

ఇక నువ్వడిగినదానికి జవాబు. వచ్చెయ్. ఇక్కడ మాత్రం పని లేదా? అందరూ ఇళ్ళు కట్టుకుంటున్నారు, గేట్లు, కిటికీ ఊచలు ఎన్ని కావాలంటే అన్ని. ఎక్కడ చేసినా వెల్డింగు వెల్డింగే కదా. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది. నాకు నువ్వు కావాలి, అంతే.

నీ,
చెక్కల మనిషి

*

ప్రియమైన మీకు,

సరే. వచ్చేస్తాను. నెలాఖరున వీళ్ళకి చెప్పేస్తాను. గేట్లు చేస్తాను.

వైస్ మళ్ళీ మొదటినుంచి చెయ్యండి. కడ్డీ ఆనించినప్పుడు ఇత్తడి గోళీలా దొర్లిపోతుంటే ఇంకా వేడి చాలలేదని అర్థం. ఆగండి. వేడి సరిపోగానే ఆ ఇత్తడి తనంతట తనే పరుచుకుని, విరిగిన సందులోకి జారిపోతుంది. ఒక్క రెప్పపాటు. జాగ్రత్తగా చూడండి. అది చూడటానికే నేను రోజూ పొద్దున్నే లేచేది.

అత్తయ్యకి నమస్కారాలు.

మీ,
నేను

*

ప్రియమైన మా వెల్డరు గారికి,

చూశాను.

సైకిలు షాపు పెద్దాయన "ఇంకా కాదు, ఇంకా కాదు" అంటూనే ఉన్నాడు. నా చొక్కా తడిసి ముద్దయింది. ఇత్తడి దొర్లింది, మళ్ళీ దొర్లింది. ఉన్నట్టుండి మెరుస్తూ సందులోకి జారిపోయింది. నేను కేకపెట్టాను. ఎందుకు పెట్టానో పెద్దాయనకి అర్థం కాలేదు. ఇంటికి తెచ్చిన బూడిద డబ్బా మూత మీద అమ్మే పీట వేసుకుని కూర్చుంది, నన్ను దగ్గరికి రానిస్తే ఒట్టు. పొద్దున తీస్తే దవడ ఒక్క ముక్కగా ఉంది. బిగించి చూశాను, గొట్టం లేకుండానే. కదల్లేదు.

వెల్డింగు వెల్డింగే అని నీకు రాశాను. ఎంత తెలివితక్కువ మాట! ఇన్నేళ్ళూ నీ పని గురించి విన్నానే గానీ, నా చేతుల్లోంచి అది జరిగేదాకా నువ్వు దేన్ని వదులుకుని వస్తానన్నావో నాకు తెలియలేదు. "సరే" అని ఎంత చిన్నగా రాశావు! దాన్ని ఇవాళ మళ్ళీ చదివి నా మీద నాకే కోపమొచ్చింది.

నువ్వు రాకు. వాళ్ళకి ఇంకా చెప్పకపోతే చెప్పకు. చెప్పేసి ఉంటే వెళ్ళి వెనక్కి తీసుకో, మొహమాటమైతే తప్పంతా మా ఆయనది అని చెప్పు. కుర్చీలు నేనెక్కడైనా చెయ్యగలను. పగిలిన ఓడ యంత్రాలు మన వీధికి రావు. ఈ మాట చెబితే అమ్మ, "నీకిప్పుడు తెలిసిందా?" అని తన మంచం విప్పించే పనిలో పడింది. వచ్చే వారం వైస్‌ని లారీ ఎక్కిస్తున్నాను, దాని వెనకే మేమిద్దరం.

వాళ్ళిచ్చే ఇంట్లో వెలుతురు బాగా పడే గోడ ఏదో చూసి, ఎంత పొడవుందో కొలిచి రాయి. బల్ల అక్కడ వేసుకుంటాను.

నీ దగ్గరికే వస్తున్న,
నీ వాణ్ణి