పాత పొట్లం ఒకటి

శనివారం

మా అక్కకు,

మొన్న నువ్వు వచ్చి వెళ్ళాక మా ఆయనతో ఫోనులో అన్నావట, "దానికి వరద ఇంకా తగ్గలేదు మరిదిగారూ" అని. నిజమే. నీళ్ళు పోయి రెండేళ్ళయినా నా వంటగదిలో తగ్గలేదు. అన్నం వార్చగానే ఒక గిన్నెడు తీసి మూత పెడతాను. అందరూ తిన్నాక, అది భద్రంగా ఉందని చూసుకున్నాకే నా కంచం. అప్పటికి అన్నీ చల్లారిపోతాయి. శనివారం శనివారం ఇంట్లో ఉన్న సరుకంతా పుస్తకంలో ఎక్కిస్తాను. "మంచం కింద డబ్బాలు నిండాయి, ఇక మంచం మీద కూడానా అమ్మా?" అని మా అమ్మాయి దెప్పుతుంది.

ఎందుకే ఇదంతా అని నువ్వడిగితే నవ్వేశాను. ఇప్పుడు చెబుతున్నాను.

వరదలో నాలుగు రోజులు మేడమీద గదిలో ఉన్నాం కదా. మేం ముగ్గురం, కింద వాటాలో బట్టలు కుట్టే మిషను పిన్ని. తిండి పంచే పని నాది. మూడోరోజు మా ఆయన "బెల్లం వాసన వస్తోందే" అన్నారు. "ఆకలికి అలాగే అనిపిస్తుంది, పడుకోండి" అని కసిరాను. అప్పుడే పిన్ని మెల్లగా అడిగింది, "ఏమైనా మిగిలిందా తల్లీ?"

"లేదు పిన్నీ, అంతా అయిపోయింది" అన్నాను. నా సంచి అడుగున బిస్కెట్ పొట్లం ఉంది. ఆయనకు షుగరు పడిపోతే ఎలాగని దాచాను. పడిపోలేదు. మర్నాడు పడవ వచ్చింది.

ఆ పొట్లం ఇంకా విప్పలేదక్కా. ప్రతి శనివారం "పాత పొట్లం ఒకటి" అని రాస్తూనే ఉన్నాను. రేపు పిన్నిని భోజనానికి పిలిచాను. చెప్పేస్తాను. ఇక నా గడప తొక్కనంటే ఏం చేయను?

నీ గుమస్తా చెల్లెలు


సోమవారం

అక్కా,

చెప్పాను. పొట్లం బల్లమీద పెట్టి మరీ చెప్పాను. పిన్ని కళ్ళజోడు సవరించుకుని దానిమీద తారీఖు చదివింది.

"ఇందుకా రెండేళ్ళుగా నా మొహం చూడవు? నేను కుట్టిన జాకెట్టు బిగుతైందేమో, మొహమాటానికి చెప్పట్లేదేమో అనుకున్నానే!"

తర్వాత పొట్లం పక్కకు జరిపింది. "దారాల పెట్టెలో బెల్లం ముక్క ఉండేది తల్లీ. అటు తిరిగి పడుకుని చప్పరించేదాన్ని. మీ ఆయన వాసన అన్నప్పుడు నా ప్రాణం పోయిందనుకో. మాట మార్చాలనే నిన్ను మిగిలిందా అని అడిగాను."

మా ఆయన కంచం ముందునుంచి లేచారు. "విన్నావా? ఆకలికి అలా అనిపిస్తుందట!"

మా అమ్మాయి పొలమారేదాకా నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అన్నం గిన్నె అడుగు కనిపించాక గాని, ఏమీ తీసి పెట్టలేదని గుర్తు రాలేదు. లేవబోతే పిన్ని నా కంచంలో కూర వేసింది. "కూర్చో, వేడిగా తిను."

తిన్నానక్కా. నాలుక కాలింది.

మంచం కింద డబ్బాలు మాత్రం తీయలేదు, వానలు వస్తున్నాయి కదా. పుస్తకంలో పాత పొట్లం మీద గీత కొట్టేశాను. పిన్ని ఊరుకోక తన సరుకూ ఎక్కించమంది. ఆ గీత కిందే రాశాను: బెల్లం, ఒక ముక్క.

కడుపు నిండిన
నీ చెల్లెలు