ఎర్రమచ్చల బొమ్మ

అన్నయ్యా,

క్షేమం అడగను. నువ్వు బాగున్నావని ఊరంతా నువ్వే చెప్పుకుంటావుగా.

పోయిన వారం నేను భోజనానికి వెళ్లిన వేళ చూసి, నేను పనిచేసే టైలరింగ్ షాపుకొచ్చావు. మెదడు స్కాన్ బొమ్మ ఒకటి మా యజమానురాలి ముందు పరిచి, "ఈ ఎర్రమచ్చలు చూశారా? ఇదండీ మా చెల్లెలి పిచ్చి. దాని చేతికి కత్తెర ఇవ్వకండి" అన్నావట. పన్నెండేళ్లుగా బట్ట కత్తిరిస్తున్న నన్ను గుండీలు కుట్టే మూల కూర్చోబెట్టారు. ఇప్పటికి నీ కళ్లు చల్లబడ్డాయా?

నాకున్నది బైపోలార్, ఉత్సాహమూ దిగులూ మార్చి మార్చి ముంచెత్తే జబ్బు. మందులు మానలేదు, ఎవరి దగ్గరా దాచలేదు. జబ్బున్న నన్నూ, లేని నిన్నూ పోల్చి చూడాలని నాకు మందులిచ్చే డాక్టరమ్మ పరిశోధన కోసం ఇద్దరినీ స్కాన్ మిషన్‌లో పడుకోబెట్టింది. "ఒక్కరి బొమ్మ చూసి జబ్బుందని ఎవరూ చెప్పలేరు. వందలమందివి కలిపి చూస్తేనే తేడా కాస్త తెలుస్తుంది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నువ్వు వింటేగా! మన ఇద్దరి బొమ్మలున్న కవర్లు రెండూ లాక్కుని, ఎర్రగా ఉన్నది నాదని నువ్వే తేల్చేశావు.

నువ్వు షాపులో వదిలేసిన ఆ బొమ్మను నిన్న మా యజమానురాలు కళ్లజోడు పెట్టుకుని చూసింది. అడుగున చిన్న అక్షరాల్లో "పురుషుడు, నలభై ఆరేళ్లు" అని ఉంది. ఆవిడ నా కత్తెర నా చేతిలో పెట్టింది.

నీ బొమ్మ ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. ఆ ఎర్రమచ్చలు మెదడు చురుగ్గా పనిచేసిన చోట్లే తప్ప పిచ్చి కాదని నాకు తెలుసు. కానీ షాపుకు రాకముందు నువ్వు దాన్ని పట్టుకుని తిరిగిన ఇళ్లలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. వెళ్లి, అది ఎవరిదో నువ్వే చెప్పుకో.

నీ చెల్లెలు